మూడు బిట్లు, ఒక మాంసం అంగడి: నా డీఎస్సీ బయాలజీ ప్రిపరేషన్

అందరికీ నమస్తే. సెలక్షన్ లిస్టు వచ్చిన రోజు నుంచి "అక్కా, ఎట్లా చదివావు, ఏం చదివావు" అని ఒకటే ఫోన్లు. ఒక్కొక్కరికీ చెప్పి గొంతు పోయింది, అందుకే రాస్తున్నా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష మెగా డీఎస్సీ 2025, స్కూల్ అసిస్టెంట్ బయాలజీ, కడప జిల్లా. టాపర్ని కాదు. లిస్టు కింది నుంచి చూసుకుంటూ వస్తే నా పేరు త్వరగా దొరుకుతుంది. అయినా లిస్టులో ఉన్నాను.

2018లో లేను. ఒకటిన్నర మార్కు తక్కువైంది. మన పేపర్లో బిట్టుకు (ఆప్షన్ల ప్రశ్నకు) అర మార్కు కదా, అంటే మూడంటే మూడు బిట్లు. ఆ తర్వాత ఏడేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ గడిపా. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులని నోటిఫికేషన్ వచ్చి, పరీక్ష జరగకుండానే రద్దయిపోయింది. మళ్ళీ 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులు అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఆ మూడు బిట్లు ఎక్కడ పోయాయో నాకు ఖచ్చితంగా తెలీదు. కానీ ఎట్లా పోయాయో తెలుసు. అప్పట్లో నాది బిట్ల చదువు. ఒక కోచింగ్ సెంటరు బిట్ బ్యాంకు (పేరెందుకులెండి) మూడుసార్లు తిరగేశా. అందులో "కండరం సంకోచించినప్పుడు ఎ-పట్టీ పొట్టిదవుతుంది" అని అచ్చయింది. అట్లాగే బట్టీ కొట్టా. నిజానికి ఎ-పట్టీ (కండరంలో మయోసిన్ పోగులు ఉండే ముదురు పట్టీ) పొడవు మారదు. సన్నని ఆక్టిన్ పోగులు మందపాటి మయోసిన్ పోగుల మధ్యకు జారతాయి, అందుకే ఆక్టిన్ ఒక్కటే ఉండే ఐ-పట్టీ, మయోసిన్ ఒక్కటే ఉండే హెచ్-మండలం తగ్గుతాయి. పోగులు ఏవీ కురచ కావు. బొమ్మ ఒక్కసారి చేత్తో గీసుంటే ఆ తప్పు నాకే దొరికేది. గీయలేదు.

ఈసారి కూడా మొదట్లో అదే దారి. ఒక ఆన్‌లైన్ గ్రాండ్ టెస్టులో ఒక బిట్టు: మరణం తర్వాత కండరాలు బిగుసుకోవడానికి కారణం ఏది? నేను ఏమాత్రం అనుమానం లేకుండా "ఏటీపీ ఎక్కువ కావడం" పెట్టా. నా లెక్క ఏంటంటే, బిగుసుకోవాలంటే శక్తి కావాలి, కణంలో శక్తినిచ్చే అణువు అంటే ఏటీపీ. తప్పు. ఏటీపీ లేకపోవడం అని కీలో ఉంది. కీ తప్పేమో అనుకుని రెండు రోజులు కోపంగా తిరిగా.

ఆ ఆదివారం పొద్దున ఐదింటికి మా మేనమామ మాంసం అంగడికి పోయా. అప్పుడే పొట్టేలును కోసి తొడ వేలాడదీశాడు. ఆ కండ దానంతటదే అదురుతోంది. ఈగ వాలితే ఆవు వీపు మీద చర్మం వణుకుతుంది చూడండి, అట్లా. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఆ రోజే నిలబడి చూశా.

"ఏందమ్మీ, అంత సేపు చూచ్చాండావు?" అన్నాడు మామ.

ఎందుకు అదురుతోంది మామా అంటే, "ఇంకా ప్రాణం పోలేదు దానికి. ఇప్పుడే పొయ్యి మీద పెడితే మెత్తగా ఉడుకుతాది. కొయ్యబారినాక తీసకపోయినోళ్లకు పండ్లు నొప్పి" అన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ పోయి చూశా. తొడలో ఇంకా సగం మిగిలి ఉంది. వేలితో నొక్కితే కొయ్యే. అప్పుడు పుస్తకం తెరిస్తే ఒక్కో వాక్యం కళ్ళ ముందుకు వచ్చింది. కాల్షియం వచ్చి ఆక్టిన్ మీది ట్రోపోనిన్‌ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటే, దారికి అడ్డంగా ఉన్న ట్రోపోమయోసిన్ పక్కకు జరుగుతుంది, మయోసిన్ తల ఆక్టిన్‌ను పట్టుకుని లాగుతుంది. ఇంతవరకు అందరికీ వచ్చు. ఆ పట్టు వదలాలంటే కొత్త ఏటీపీ వచ్చి మయోసిన్ తలకు అతుక్కోవాలి. నేను దాటేసింది ఈ ఒక్క ముక్కనే. పట్టుకోవడానికే కాదు, వదలడానికీ ఏటీపీ కావాలి. పొద్దున కండలో ఏటీపీ ఇంకా మిగిలి ఉంది, అందుకే అదిరింది. మధ్యాహ్నానికి అయిపోయింది, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. మామ బడికి పోయింది ఐదో తరగతి దాకా.

ఆ రోజు నుంచి చదివే పద్ధతి మార్చా. ప్రతి పాఠానికీ మన చుట్టూ ఒక వస్తువు వెతుక్కోవడమే. నాడీ ప్రచోదనానికి (నాడిలో పోయే విద్యుత్ కబురుకు) ఎక్కువ వెతకలేదు, మన ఊరి పేరే ఉంది. దేవుని గడప నుంచి కడప అయిందంటారు కదా. న్యూరాన్‌కూ (నాడీకణానికీ) ఒక గడప ఉంది. విశ్రాంతిలో లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు. ఉద్దీపన వచ్చి దాన్ని మైనస్ 55 దగ్గరకు తెస్తే సోడియం ద్వారాలు బిలబిలా తెరుచుకుంటాయి, పూర్తి ప్రచోదనం పుడుతుంది. అంతదాకా రాకపోతే ఏమీ పుట్టదు. సగం ప్రచోదనం అనేది లేదు. 2018లో నేను మైనస్ 56 దాకా వచ్చి వెనక్కి జారినదాన్ని, ఈ పాఠం నాకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది?

ఇక జ్ఞానేంద్రియాల పాఠం. మన భాషలో ఎండ మంటే, కారం మంటే, రెండింటికీ ఒకే మాట. శరీరంలోనూ అంతే. టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం (నాడి చివర వేడిని పసిగట్టే ప్రొటీన్) సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది, మిరపకాయలోని క్యాప్సైసిన్‌కూ అదే తెరుచుకుంటుంది. మెదడుకు పోయే కబురు ఒకటే కాబట్టి నోరు కాలినట్టే ఉంటుంది. దీన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శ గ్రాహకాలు కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021 నోబెల్ ఇచ్చారు. జీకేకు కూడా పనికొస్తుంది, రాసుకోండి. మే నెల కడప ఎండలో కారం దోసె తిని నీళ్ళు తాగి చూడండి, మంట పోదు. క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పెరుగు తినండి. పక్షుల్లో ఈ గ్రాహకం క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు, అందుకే చిలుకకు పండుమిరప తీపి పండుతో సమానం. మెథడాలజీలో (బోధనా పద్ధతుల భాగంలో) ప్రేరణ, నిత్యజీవిత ఉదాహరణలు అని బట్టీ పడతామే, అవన్నీ ఇవే.

ఒక వల గురించి మాత్రం జాగ్రత్త. పైన చెప్పిన ఆక్టిన్ జారుడుకు పేరు జారే తంతువుల సిద్ధాంతం, దాన్ని 1954లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు జట్లు ప్రకటించాయి. ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్క్ ఒక జట్టు. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకో జట్టు. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు. హాడ్జ్‌కిన్‌తో కలిసి స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్ (పొడవాటి నాడీతంతువు) మీద పనిచేసి 1963లో నోబెల్ పొందింది ఆండ్రూ. ఎవరు ఎవరో చూసుకోండి.

మిగతావి త్వరగా చెప్తా. సైకాలజీ, పర్‌స్పెక్టివ్స్ (విద్యా దృక్పథాలు) చెరి అయిదు మార్కులు, పాత పేపర్లు చాలు. జీకే రోజుకు అరగంట, అంతకంటే వద్దు. కంటెంట్ (సబ్జెక్టు, అంటే బయాలజీ) 40 మార్కులు, ప్రాణం అక్కడ పెట్టండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి 160 బిట్లలో ఒక్కటి కూడా వదలొద్దు. నిమిషానికి ఒకటి కంటే కొంచెం వేగంగా పోవాలి.

కోచింగ్ మానేసినప్పుడు చాలామంది చాలా అన్నారు. పొగరన్నారు, డబ్బు లేకనన్నారు. డబ్బు లేనిమాట నిజమే. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలితే "ఏం తల్లివే" అన్నవాళ్ళూ ఉన్నారు. నాలుగింటికి లేచి, ఏడింటికి వంట, ఎనిమిదిన్నరకు బడి. వాళ్ళలో ఒక్కరైనా నాలుగింటికి లేచారా? ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని. నవ్వకండి. మూత తీసి, బియ్యంలో చెయ్యి పెట్టి వెతికేలోపు సిగ్గేసేది. మోటివేషన్ వీడియోలు చూస్తూ తెల్లవార్లు మేలుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు, మీకే చెప్తున్నా. ఆ వీడియో తీసినవాడికి లెక్క వస్తుంది, మీకు నిద్ర పోతుంది. సరే, క్లాసు ఎక్కువైంది.

నోట్సు ఫోటోలు అడుగుతున్నారు. సార్కోమియర్ (ఆ పట్టీలన్నీ ఉండే కండరపు చిన్న ముక్క) బొమ్మ మీద మా పాప రంగులు పూసింది, పనికిరాదు. మీరే గీసుకోండి.

జూన్‌లో పరీక్ష రాసి వచ్చిన ఆదివారం మామ అంగడికి పోయా. కత్తి నూరుకుంటూ, "కొయ్యబారేది అడిగినారా అమ్మీ?" అన్నాడు.

"లేదు మామా. ఒక్క బిట్టు కూడా రాలేదు."

కాసేపు ఏమీ అనలేదు. అరకిలో అడిగితే ముప్పావు కిలో తూచి సంచిలో వేశాడు. "బిన్నా పోయి పొయ్యి మీద పెట్టు. ఇంకా అదురుతాండాది."