పీపా ఎక్కడిది? ఎంత పడుతుంది?

ముడిచమురు వార్తల్లో రోజూ కనిపించే పీపా 159 లీటర్లది, అంటే అమెరికా లెక్కలో 42 గ్యాలన్లు. మాట మాత్రం పోర్చుగీసువాళ్లది: ‘పిప’. వాళ్ల పిపలో దీనికి మూడున్నర రెట్లు పడుతుంది.

లాటిన్‌లో ‘పిపారే’ అంటే పక్షిపిల్లలు కిచకిచమనడం. ఆ చప్పుడు నుంచే ఊదే పిల్లనగ్రోవికి పేరొచ్చింది, తర్వాత ఏ గొట్టానికైనా అదే అయింది, చివరికి సన్నగా పొడుగ్గా ఉండే చెక్క పీపాకూ అంటుకుంది. మన ఇళ్లల్లో నీళ్ల పైపుదీ ఈ కుదురే.

పోర్చుగల్‌లో పిప ఒట్టి పాత్ర కాదు, కొలత. పోర్టు వైన్ పుట్టే డౌరో లోయలో పిప అంటే 550 లీటర్లు. అదే సరుకు ఓడెక్కితే 534.24 లీటర్లు, అంటే 25.44 లీటర్ల ‘అల్ముద్’లు 21. మదీరా దీవిలో 418 మాత్రమే. అందుకే పాత వర్తకపు లెక్కల్లో ‘ఇన్ని పిపలు’ అని కనబడగానే లీటర్లలోకి మార్చేయకూడదు. ఏ ఊరి సరుకో, ఏ రేవు లెక్కో ముందు తేల్చుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే లెక్క నాలుగో వంతు దాకా తప్పుతుంది.

పిప కట్టడంలోని నేర్పు మరీ గొప్పది. ఐరోపా ఓక్ దుంగను అడ్డదిడ్డంగా రంపంతో కోస్తే చెక్క నరాలు తెగి వైన్ ఊరిపోతుంది. అందుకే నారవెంట చీలుస్తారు. పలకలను వలయంగా నిలబెట్టి, లోపల మంట పెట్టి, తడుపుతూ వంచుతారు. జిగురు లేదు, మేకు లేదు. ఇనప పట్టీలను చివరల నుంచి లావు నడుము వైపు సుత్తితో దిగగొట్టేకొద్దీ పలకలు బిగుసుకుంటాయి. బిరడా కన్నం నడుము మీదే ఉంటుంది. ఖాళీగా ఎండబెడితే చెక్క కుంచించుకుని పట్టీలు వదులవుతాయి, సందులు పడతాయి. మళ్లీ నీళ్లు పోసి నానబెడితే చాలావరకు ఉబ్బి మూసుకుంటాయి.

పోర్చుగీసు వర్తకంతో వచ్చిన ఈ మాట మనకు పీపా, పీపాయి అయింది. తమిళులు పీప్పాయ్ అంటారు, మలయాళీలు వీప్ప, మరాఠీలు పింప్. చెక్క పోయి ఇనుము వచ్చినా, తారు పోసినా నూనె పోసినా మనకది పీపాయే.

మెక్సికోలో ‘పిప’ అంటే నీళ్ల ట్యాంకరు. బ్రెజిల్ ఈశాన్యంలో కరవు ఊళ్లకు నీళ్లు తెచ్చే లారీ ‘కారు-పిప’. బ్రెజిల్ పిల్లలు ఎగరేసే గాలిపటం పేరు కూడా పిపే.