ఊరు పోయినా నత్తం పోలేదు

మా ముత్తాతకు 1910లో వచ్చిన పావు అణా కార్డు మీద ఊరి పేరు, దాని కింద ఇంకో ఊరి పేరుతో 'పోస్టు', వయా పుత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉంది. ఇప్పుడు ఆ ఊరూ లేదు, ఆ పోస్టాఫీసూ లేదు. ఊరి పేరు ఇక్కడ రాయను. ఖండ్రిగతో ముగుస్తుందని మాత్రం చెప్తా. మా వైపు ఖండ్రిగలకు కొదవా?

ఆ ఊరు ఎక్కడుండేదో వెతకాలంటే ముందు జిల్లా చిక్కు తీరాలి. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు పుత్తూరు, కార్వేటినగరం వైపంతా ఉత్తర ఆర్కాటే. 2022లో పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, కార్వేటినగరం చిత్తూరులోనే ఉండిపోయింది. మరీ పాత కాగితాలేమో చెన్నైలో, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో.

అందరూ పిన్‌కోడుతో వెతకమన్నారు. పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకు ముందే మూతపడిన పోస్టాఫీసుకు ఆ నంబరే ఉండదు కదా! పాత సర్వే మ్యాపులు నయం. అంగుళానికి మైలు లెక్కన వేసిన ఆ మ్యాపుల్లో పోస్టాఫీసున్న ఊరి పక్కన 'పీవో' అని చిన్న అక్షరాలుంటాయి. కార్డులోని పోస్టు ఊరు అలా దొరికింది. దానికి కూతవేటు దూరంలోనే మా ఖండ్రిగ ఉండాలి.

అక్కడికి దగ్గరి ఊళ్ళో, రిటైరైన ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, అంటే పార్ట్‌టైం) పోస్టుమాస్టరు ఒకాయన అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "పోస్టాఫీసంటే బిల్డింగు అనుకుంటివా నాయనా? బడి అయివారింట్లో ఒక పెట్టె, ఒక ముద్ర, ఒక త్రాసు. అయివారికి బదిలీ అయితే పెట్టె ఇంకో ఇంటికి, ఆ ఊర్లో మనిషి దొరక్కపోతే పక్కూరికి. రైల్లో పుత్తూరు దాకా వచ్చిన టపా రన్నరు భుజం మీద ఈడికొచ్చేది." ఆ పోస్టాఫీసు మూతపడలేదట, పక్కూరికి మారి పేరు మార్చుకుందట. నాకు దారి చూపింది ఈ ఒక్క మాటే. ఖండ్రిగ ఎందుకు పాడుపడిందంటే మాత్రం ఆయన బావి ఎండిందన్నాడు, వాళ్ళావిడ లోపల్నుంచి కలరా అంది. ఇద్దరూ దాని మీద చాలాసేపు వాదించుకున్నారు.

అసలు రుజువు రెవెన్యూ ఆఫీసులో దొరికింది. పాత సెటిల్‌మెంటు రిజిస్టరులో, చుట్టూ మెట్ట సర్వే నంబర్ల మధ్య ఒక్క నంబరుకు ఎదురుగా 'గ్రామ నత్తం' అని ఉంది. నత్తం అంటే ఇళ్ళు కట్టుకునే జాగా. ఒక్క గడప లేకపోయినా రికార్డులో అది ఇంకా ఊరే. పాడుబడిన ఊరు వెతికేవాళ్ళు మనుషుల్ని అడగడానికి ముందు ఈ మాట కోసం రిజిస్టరు తిప్పాలని నా అభిప్రాయం.

చూడ్డానికి పోతే పాటిదిబ్బ (పాత ఊరున్న మట్టిదిబ్బ) మీద చింతచెట్లు, సగం పూడిన రోలు, కాలి కింద పెంకులు. పక్క చేను రైతు పరుగున వచ్చాడు.

"ఏం సార్, కొలతలకొచ్చినారా?"

"లేదన్నా, మా తాతల ఊరు."

"అయితే వాటా ఉండాదంటారు!"

లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, నేను తాగుతుండగానే నా ఆధార్ కార్డు ఫోటో తీసి వాళ్ళ లాయరుకు పంపుకున్నాడు.