వేళ్ల మధ్య సందు

పొద్దున నాలుగున్నరకు మంచం దిగి కాలు కింద పెట్టాను. కుడి బొటనవేలి మొదట్లో నొప్పి ఇంకా ఉంది, కానీ నెల కింద ఉన్నంత లేదు. అప్పుడైతే గోడ పట్టుకుంటే గానీ నాలుగడుగులు పడేవి కావు.

హన్మకొండ నుంచి ములుగు పోయే బస్సులో కండక్టర్‌ని. ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి మీదుగా రోజూ రెండుసార్లు పోయి రావడం. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి నా సీట్లో నేను కూర్చునేది తక్కువ. జీరో టికెటైనా అందరికీ కొట్టివ్వాల్సిందే. కూలికి పోయే అక్కలు నిండుగా ఎక్కుతుంటే నాకు సంతోషమే. కాళ్ల సంగతే వేరు. రెండు చేతుల్లో మిషనూ చిల్లరా ఉంటాయి, బస్సు మూల తిరిగినా బ్రేకు పడినా ఆపుకోవాల్సింది కాళ్లతోనే. బూటు లోపల పది వేళ్లూ ముడుచుకుని బూటు అడుగును గట్టిగా పట్టుకుంటాయి. ఇన్నేళ్లుగా అలా పట్టుకుంటున్నాయని నాకే తెలియదు. మేడారం జాతర స్పెషల్ డ్యూటీ ముగిశాక ఒక రాత్రి పాదం వంక సరిగ్గా చూసుకున్నాను. బొటనవేలు పక్క వేలి మీదికి ఒరిగింది. దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి ఎర్రగా ఉంది.

ఫిజియోథెరపీ మేడమ్ మందులకంటే ముందు ఒక తెల్ల కాగితం తీసింది. దాని మీద నన్ను నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసింది. ఆ గీత మీద నా బూటు పెట్టింది. వేళ్ల దగ్గర రెండు పక్కలా గీత బయటికి కనబడుతోంది! అంత పాదాన్ని ఇంత బూటులో రోజంతా ఇరికించి తిరిగానా అనిపించింది. "పాదంల 26 ఎముకలుంటయ్ అక్కా, వాటికి జాగ ఇయ్యాలె గద" అన్నదామె. ఆ సాయంత్రమే చౌరస్తాలో ముందు భాగం వెడల్పున్న బూట్లు కొన్నాను. రోజంతా నిలబడితే పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట కొనమని ఆమే చెప్పింది.

వేళ్ల మధ్య పెట్టుకునే మెత్తటి సిలికాన్ సెపరేటర్లు బిడ్డ ఫోన్‌లో ఆర్డర్ పెట్టింది. ఒరిగిన ఎముకను అవి మళ్లీ నిటారు చేయవు, ఆ మాట మేడమ్ ముందే చెప్పింది. ఒకదానికొకటి ఒరుసుకునే వేళ్లను విడదీసి, బిగుసుకున్న కండను సాగదీస్తాయి, అంతవరకే. నాకు అంతవరకే చాలు. మొదటి రోజు 5 నిమిషాలకే వేళ్లు లాగాయి, తీసేశాను. ఇప్పుడు 20 నిమిషాలు ఉంచుకుంటున్నాను. తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే తీసేస్తాను.

ఈరోజు డ్యూటీ దిగి వచ్చి గడపలో కూర్చున్నాను. సెపరేటర్ పెట్టాలంటే మెట్టెలు అడ్డం. ఇన్నాళ్లూ వాటి మీదే ఇరికించి పెట్టేదాన్ని, వేలికి వాత పడేది. అత్తమ్మ చూసి, "పెట్టుకునేటప్పుడు తీసి పక్కకు పెట్టు బిడ్డా, ఏం కాదు" అన్నది. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని అనుకోలేదు. మెట్టెలు తీసి ఆమె చేతిలోనే పెట్టాను.

తర్వాత తనకూ కావాలన్నది. వద్దన్నాను. అత్తమ్మకు పదేళ్లుగా షుగర్, అరికాళ్లకు స్పర్శ తక్కువ. ఒత్తుకుపోయి పుండు పడినా ఆమెకు తెలియదు. డాక్టర్‌కు చూపించకుండా ఇలాంటివి ఆమె పాదాలకు పెట్టే ధైర్యం నాకు లేదు. బదులుగా గోరువెచ్చని నీళ్లతో ఆమె కాళ్లు కడిగి, తుడిచి, వేళ్ల సందులన్నీ లైటు వేసి చూశాను. ఎక్కడా పగులు లేదు.

చిన్నప్పుడు పరకాల దగ్గర మా ఊళ్లో నాట్లేసేటప్పుడు బురదలో దిగగానే వేళ్లు వాటంతటవే విచ్చుకునేవి, సందుల్లోంచి మెత్తటి మన్ను పైకి వచ్చేది. సెపరేటర్లు తీసేశాక ఏ ఆసరా లేకుండా అలా విప్పాలని చూశాను. బొటనవేలు కదల్లేదు. రెండోసారి గట్టిగా ప్రయత్నిస్తే చిటికెనవేలు ఒక్కటి కొంచెం పక్కకు జరిగింది. "కదిలిందమ్మా!" అని నాకంటే ముందు బిడ్డే అరిచింది.