కాల్షాట్ దాటాక ఆ ఒక్క మధ్యాహ్నం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, హాంబుల్ నుంచి కాల్షాట్ మీదుగా వైట్ దీవిలోని కౌస్‌కి, అక్కణ్ణుంచి వెనక్కి. ఐదు రోజుల తెరచాప శిక్షణలో నాలుగు రోజులు వానలోనే పోయాయి. రాత్రికి పడవ కట్టుకోవడానికి మెరీనాలో (పడవల రేవులో) అడిగే డబ్బుతో మన దగ్గర మంచి హోటల్ గది వస్తుంది. ఆ కోపం కూడా మూడో రోజు మధ్యాహ్నంతో పోయింది. ఆ పూట నేర్పింది, పడవ మీంచి జారిపడిన మనిషిని తిరిగి తీసుకోవడం.

మనిషికి బదులు, బకెట్టు కట్టిన ఫెండర్‌ని (రేవుకి రాసుకోకుండా పడవ పక్కన వేలాడదీసే గాలి బుడ్డిని) నీళ్లలోకి విసిరారు. బకెట్టు లేకపోతే ఫెండర్ గాలికి కొట్టుకుపోతుంది, మనిషిలా నీళ్లతో కదలదు. కేక వినగానే ఒకరు చెయ్యి చాపి అటే చూపిస్తూ నిలబడాలి, చూపు తిప్పకూడదు. 6 నాట్ల వేగంలో పడవ సెకనుకి 3 మీటర్లు పోతుంది. అర నిమిషం తడబడితే 90 మీటర్లు. అలల మధ్య తల కనిపించదు. ఇంకొకరు పట్టుకుని తేలడానికి గుర్రపునాడా ఆకారపు లైఫ్‌బాయ్ విసరాలి. చుక్కాని దగ్గరున్నవాళ్లు ముందుచాప తాడు వదలకుండానే పడవ ముక్కుని గాలి వచ్చే దిక్కు మీదుగా అవతలికి తిప్పేయాలి. చాప వెనక్కి ఒత్తుకుని, పడవ మనిషికి దగ్గర్లోనే నిలబడిపోతుంది. తాడు విసిరితే అందే దూరమైతే సగం పని అయినట్టే.

జీపీఎస్‌లో గుర్తు పెట్టి, వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఎర్ర బటన్ నొక్కి, 16వ ఛానల్‌లో మేడే (ప్రాణాపాయం ఉందన్న పిలుపు) చెప్పాలి. జీపీఎస్ గుర్తు మాత్రం నేలకి సంబంధించింది, నీళ్లతో కదలదు. ఆ దీవికీ ఒడ్డుకీ మధ్య ఉన్న సోలెంట్ జలసంధిలో పోటు ప్రవాహం 2 నాట్లుంటే 5 నిమిషాల్లో మనిషి అక్కణ్ణుంచి 300 మీటర్లు జరిగిపోతాడు. ఒడ్డున ఏ చెట్టునో ఆనవాలు పెట్టుకున్నా అంతే. చూపించే చెయ్యినే నమ్మాలి.

ఇంజన్ వేసేముందు నీళ్లలో తాళ్లు వేలాడటం లేదని చూడాలి. ఒక్క తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే అంతా ఆగిపోతుంది. మనిషికి గాలివైపున అడ్డంగా ఆగితే పడవే అతని మీదకి మెల్లగా కొట్టుకొస్తుంది, అలల నుంచి చాటూ ఇస్తుంది. దగ్గరయ్యాక గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. వెనక నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లకూడదు, అలకి పడవ తోక లేచి నెత్తిన పడుతుంది. తెరచాప కొయ్య పక్కన, నడిమి భాగంలోనే పట్టుకోవాలి.

ఇంతవరకూ మూడు ప్రయత్నాల్లో వచ్చేసింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

మా ఉప్పాడలో ఫైబర్ బోటు అంచు నీళ్లకి దగ్గరగా ఉంటుంది. ఇద్దరు చంకల కింద చేతులేసి లోపలికి దొర్లించేస్తారు. ఇక్కడ అంచే మీటరు పైన, దాని మీద రక్షణ తీగలు. తడిసిన బట్టలతో 100 కిలోలు. ఏప్రిల్‌లో నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. మొదటి నిమిషం ఊపిరి అందదు, పది నిమిషాలకి వేళ్లు పట్టు తప్పుతాయి. అతను మనకి సాయం చేస్తాడని లెక్క వేసుకోకూడదు.

కౌస్‌లో పాంటూన్ (పడవలు కట్టే వేదిక) మీద ఒకరిని పడుకోబెట్టి లేపి చూశాం. మెయిన్ హాల్యార్డ్‌కి (పెద్ద తెరచాపని పైకి లాగే తాడుకి) తాడు నాలుగు వరసలుగా తిరిగే కప్పీ తగిలిస్తే 100 కిలోలకి లాగుడు 25 కిలోలు, రాపిడికి ఇంకాస్త. 2 మీటర్లు లేపాలంటే 8 మీటర్ల తాడు లాగాలి. ఒక పట్టీ చంకల కింద, రెండోది మోకాళ్ల కింద వేసి అడ్డంగానే లేపాలి. నీటి ఒత్తిడి పోగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది; నిలువుగా లేపితే గుండె తట్టుకోలేకపోవచ్చు. రక్షణ తీగల కొసని కొక్కెంతో కాకుండా సన్నతాడుతో కట్టి ఉంచితే కత్తితో ఒక్క కోతకి దారి వస్తుంది. మా పడవలో కొక్కేలే ఉన్నాయి, అవీ తుప్పు పట్టి. లేపడానికి పదకొండు నిమిషాలు పట్టింది, అదీ కదలని పాంటూన్ మీద.

మర్నాడు రేవు వదిలేముందు టీ కూడా తాగకుండా ఆ కొక్కేలు విప్పి సన్నతాడు కట్టాం. కప్పీని సంచిలోంచి తీసి, కొయ్య మొదట్లో చేతికందేలా తగిలించాం.