హాలే నగరంలో తెలుగు అచ్చు జాడ

జర్మనీలోని లైప్‌జిగ్‌లో జర్మన్ భాష బి2 స్థాయి తరగతి చదువుతున్న రోజుల్లో, శనివారం వచ్చిందంటే విద్యార్థులందరూ డ్రెస్డెన్‌కో బెర్లిన్‌కో బయలుదేరేవారు. నేను మాత్రం ముప్పావు గంట లోపే చేరుకోగల హాలే నగరాన్ని ఎంచుకున్నాను. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746, 1747 ప్రాంతంలో ఆ ఊళ్లోనే వెలువడ్డాయని ఎప్పుడో చదివి ఉండటమే అందుకు కారణం. వియత్నాం నుంచి వచ్చిన సహాధ్యాయిని ఒకామె నాకు తోడుగా వచ్చింది. మా ఇద్దరికీ ఉమ్మడి భాష జర్మన్ ఒక్కటే కాబట్టి, తరగతి లేని రోజున కూడా అభ్యాసం తప్పలేదు.

ఎస్-బాన్ రైలు కిటికీలోంచి చదునైన పొలాలు, గాలిమరలు తప్ప చెప్పుకోదగినదేమీ కనిపించదు. స్టేషన్ నుంచి నడిచి వెళ్తే పెద్ద మార్కెట్ చౌకు వస్తుంది. నాలుగు గోపురాల మార్కెట్ చర్చి, విడిగా నిలబడిన ఎర్ర బురుజు, 1859లో ప్రతిష్ఠించిన సంగీతకర్త హేండెల్ విగ్రహం అన్నీ అక్కడే ఉన్నాయి. 1685లో ఈ ఊళ్లో పుట్టిన హేండెల్‌కు బాప్తిస్మం ఇచ్చింది ఈ చర్చిలోనే. 1546లో మరణించిన క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ దేహాన్ని విట్టెన్‌బెర్గ్‌కు తరలిస్తూ ఒక రాత్రి ఇక్కడ ఉంచారట. ఆయన ముఖం నుంచి తీసిన అచ్చును నేటికీ చూపిస్తారు. మా గమ్యం వేరు కనుక చౌకులో ఎక్కువసేపు ఆగలేదు.

ఫ్రాంకే సంస్థల ప్రాంగణం మార్కెట్‌కు దక్షిణంగా, కొద్ది దూరంలోనే ఉంది. 1695లో విరాళాల హుండీలో పడిన 4 తాలర్ల 16 గ్రోషెన్లతో (అవి ఆనాటి నాణేలు) ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే పాస్టర్ పేదపిల్లల కోసం బడి ప్రారంభించాడు. 1698లో అనాథాశ్రమానికి పునాది పడింది. తరవాత బడులు, మందుల తయారీ, అచ్చుశాల చేరి అది ఒక చిన్న ఊరంత అయింది. పొడవైన లోపలి ముంగిలికి ఒక పక్క వరుసగా సాగిన కలప చట్రాల బహుళ అంతస్తుల భవనాన్ని చూస్తే, విరాళాల మీద ఇంత కట్టగలిగారా అన్న ఆశ్చర్యం కలుగుతుంది.

టికెట్ కౌంటరులోని పెద్దావిడకు, మా భాషలో తొలి పుస్తకాలు ఇక్కడ అచ్చయ్యాయని విని వచ్చానని రైల్లోనే కూర్చుకున్న వాక్యాన్ని అప్పజెప్పాను. జర్మన్ ఉపవాక్యంలో క్రియను చివరికి నెట్టడం తెలుగువాళ్లకు పెద్ద కష్టమేమీ కాదు. ఆవిడ ముఖం వికసించి, "ముందు పైకి వెళ్లి ఇండియా బీరువా చూడండి" అంది.

పై అంతస్తులో, ఒకప్పుడు అనాథ బాలురు పడుకున్న హాలులో, వింత వస్తువుల సంగ్రహం ఉంది. 18వ శతాబ్దపు బీరువాలను ఆనాటి రంగుల బొమ్మలతో సహా నిలిపారు; పైకప్పు నుంచి ఒక మొసలి వేలాడుతోంది. అసలు నన్ను నిలబెట్టింది దక్షిణ భారతం నుంచి మిషనరీలు పంపిన సామగ్రి. గంటం మొన గీసిన సన్నని వరసలు, దారం దూర్చడానికి పొడిచిన రంధ్రం ఉన్న తాటాకును, మన దగ్గర అటకల మీద చెదలు తినేసే దాన్ని, ఇంత దూరాన అద్దం వెనక జాగ్రత్తగా కాపాడుతున్నారు. అది చూసి సంతోషమూ కలిగింది, కొంత సిగ్గూ వేసింది.

తమిళ తీరంలోని తరంగంబాడికి 1719లో మిషనరీగా వచ్చి, ఆ తరవాత మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్ట్జ్, 1743లో తిరిగివచ్చి ఇక్కడ స్థిరపడి, తెలుగు అచ్చు పుస్తకాలను వెలువరించాడు. అవి క్రైస్తవ బోధనకు ఉద్దేశించిన చిన్న పుస్తకాలే. ఆయన ఆసక్తి మతప్రచారం మీదే ఉండేదన్న మాట దాచనక్కర్లేదు. అయినా, తెలుగు కోసం పాటుపడిన తెల్లదొర అనగానే మనకు గుర్తొచ్చే బ్రౌన్ 1817లో మద్రాసు చేరడానికి సుమారు 70 ఏళ్ల ముందే, ఈ ఊరి సాలే నది ఒడ్డున మన గుణింతాలను సీసపు అచ్చులుగా పేర్చారన్నది చిన్న విషయం కాదు. షుల్ట్జ్ లాటిన్‌లో రాసిన తెలుగు వ్యాకరణం మాత్రం 1984 దాకా అచ్చుకు నోచుకోలేదు.

1728లో పూర్తయిన గ్రంథాలయంలో పుస్తకాల అరలను రంగస్థలం మీద పక్కతెరల్లా ఒకదాని వెనక ఒకటి అమర్చారు. సందర్శకులు చూసి వెళ్లవచ్చు గాని, పాత ముద్రణలు చేతికందాలంటే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. ఆకాశ చిత్రమున్న నెబ్రా కంచు పలక కూడా ఈ ఊళ్లోనే, పూర్వచరిత్ర మ్యూజియంలో ఉంది. కానీ సాయంత్రం కావడంతో దాన్ని మరో పర్యటనకు వాయిదా వేశాం.

తిరుగు రైల్లో మా స్నేహితురాలు ఒత్తుల గురించి అడిగింది. నోటు పుస్తకంలో "స్త్రీ" అని రాసి, ఒకే అక్షరంలో మూడు హల్లులు ఎలా ఇముడుతాయో, దానికి అచ్చు పోయడం ఎంత చిక్కో వచ్చిన జర్మన్‌లో వివరించాను. ఆమె తన వంతుగా, లాటిన్ లిపిలో వియత్నామీస్ నిఘంటువు 1651లో రోమ్‌లో అచ్చయిందని, అక్షరాల మీదా కిందా పెట్టే స్వర చిహ్నాలతో అక్కడి అచ్చువాళ్లూ కష్టపడే ఉంటారని చెప్పింది. లైప్‌జిగ్ వచ్చేదాకా మా మాటలు ఆ అచ్చువాళ్ల అవస్థల మీదే నడిచాయి.