పేపర్లు లెక్కలోకి రావట

పదకొండున్నర దాటింది. పొద్దున్నే లేవాలి, అయినా ఆ ఫారం తలకాయలోంచి పోవట్లేదు. మా పిల్ల చిన్ని చదివే స్కూలు వాళ్ళు పంపారు, 'స్టూడెంట్ ప్రొఫైల్' అట. తండ్రి చదువు, తల్లి చదువు, ఇంట్లో మాట్లాడే భాష. ఆ తర్వాత, ఇంట్లో పుస్తకాలు ఎన్ని? పది లోపు, 11–25, 26–100, 101–200, 200 పైన. కింద చీమ తలకాయంత అక్షరాల్లో: పాఠ్యపుస్తకాలు, వార్తాపత్రికలు, మ్యాగజైన్లు లెక్కించరాదు.

మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే "రెండొందల పైన కొట్టెయ్, ఎవడొచ్చి లెక్కపెడ్తడు" అన్నాడు. క్లాసు వాట్సాప్ గ్రూపులో తల్లులందరిదీ అదే మాట. ఇంటి భాష దగ్గర 'ఇంగ్లీష్' అని రాసినవాళ్ళు కూడా నాకు తెలుసు. పొద్దున ఆటో కదిలేటప్పుడు "అరేయ్, టిఫిన్ డబ్బా మర్చిపోయినవ్ రా" అని గల్లీ అదిరేట్టు కేకేసేది వాళ్ళే.

అల్మారా తీసి చూశాను. గ్రూప్–2 రోజుల నాటి తెలుగు అకాడమీ పుస్తకాలు (ఇవి పాఠ్యపుస్తకాలా, కావా?), నా ఎం.ఏ. మెటీరియల్, నావి నాలుగు నవలలు, చిన్ని బొమ్మల పుస్తకాలు. లాగిపీకితే 26–100 గడిలో పడతాం. దాంతో నాకేం బాధ లేదు. పేపర్లు లెక్కలోకి రావు అన్న ముక్కే గుచ్చుకుంది.

బాపు, అంటే మా నాన్న, జీవితాంతం చదివింది పేపరే.

బాపు పనిచేసింది వరంగల్‌లో, ఆజంజాహి బట్టల మిల్లులో. 1934లో పెట్టారనీ, నిజాం పెద్దకొడుకు పేరనీ బాపు సొంతింటి సంగతిలా చెప్పేవాడు. స్పిన్నింగ్‌లో పని. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా దూది ఉండేది. ఆదివారం మాత్రం తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయానికి తీసుకుపోయేవాడు. 1904 నుంచీ ఉన్న గ్రంథాలయం. పెళ్ళిళ్ళకూ, అక్కడికీ ఒకటే చొక్కా.

లోపల బల్ల చివర, తలుపు పక్కన కూర్చునేవాడు. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉన్నా అటు పోడు. చదువుతుంటే పెదాలు కదిలేవి, వేలు అక్షరాల వెంట నడిచేది. ఎదురుగా ఎవరైనా వచ్చి కూర్చుంటే వేలు బల్ల కిందికి పోయేది, పెదాలు ఆగేవి, ఇక పేజీ ఎంతకీ తిరిగేది కాదు. ఎవరూ ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అందరూ మర్యాదగానే ఉండేవాళ్ళు. అయినా బాపు పుస్తకాల బీరువాల వైపు ఎన్నడూ పోలేదు. "నువ్ పో బిడ్డా, చూసి రా" అని నన్ను పంపేవాడు. నేను ఏదో ఒకటి తీసుకొచ్చి పక్కన కూర్చుంటే, దాని అట్టను మాత్రం చేత్తో తుడిచేవాడు.

కాకతీయలో దూరవిద్య ఎం.ఏ. సోషియాలజీ చేసినప్పుడు పియర్ బోర్డియూ అనే ఫ్రెంచాయన మీద జవాబు బట్టీ పట్టాను. పరీక్షయ్యాక మిగతావన్నీ మర్చిపోయాను గానీ ఆయన్ని మర్చిపోలేదు, బాపు వల్ల. 1966లో అచ్చయిన మ్యూజియంల పరిశోధన ఒకటుంది ఆయనది. జనం రాకపోవడానికి టికెట్టు ధర ఒక్కటే కారణం కాదని తేలింది. చదువు తక్కువైనవాళ్ళు ఎటు పోవాలో బాణం గుర్తులుంటే బాగుండు, బొమ్మ పక్కన వివరం రాసుంటే బాగుండు అన్నారట. ఆయన తండ్రిది కూడా పల్లెటూరి పోస్టాఫీసులో ఉద్యోగం. ఊరికే తట్టి ఉండదు ఆయనకి.

సరే, అసలు చిరాకుకొస్తా. చిన్నికి సైన్సులో 25కి 24 వచ్చాయి. సంతోషమే. కానీ రిమార్కు ఏమనుకున్నారు? 'హార్డ్‌వర్కింగ్'. అవే మార్కులు వచ్చిన డాక్టరు గారి అబ్బాయికి 'బ్రిలియంట్'. గ్రూపులో వాళ్ళమ్మ ఫోటో పెట్టింది కాబట్టి తెలిసింది. ఫ్రాన్సు పంతుళ్ళూ ఇంతేనని బోర్డియూ అన్నట్టు ఆ జవాబులో రాశాను నేను. ఇంట్లోంచి మాట తీరు, దర్జా పట్టుకొచ్చిన పిల్లలది తెలివి. బళ్ళో నేర్చుకున్నవాళ్ళది కష్టం. మా పిల్ల చదివేది చూసినట్టే చెప్పాడు! ఆ టీచరమ్మ చెడ్డదేం కాదు, అదే నాకు ఇంకా మండేది.

ఇక్కడిదాకా ఫారం రాసినవాళ్ళను తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడనిపిస్తోంది, ఫారమే నయం. అది మొహం మీద అడుగుతోంది. ఆ ప్రశ్న మా స్కూలు కనిపెట్టింది కూడా కాదు. టిమ్స్ అనే అంతర్జాతీయ పరీక్షలో పిల్లల్ని ఈ గడులతోనే అడుగుతారు, మార్కుల్లో ఇంటి వాటా ఎంతో చూడ్డానికి. రిమార్కు రాసే చెయ్యి ఎవర్నీ ఏమీ అడగదు. యూకేజీ అడ్మిషన్‌కు పోయినప్పుడు పిల్లను పండ్ల పేర్లు అడుగుతూ నా చెప్పులవైపు చూశారు చూడండి, అట్లా.

సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. మా గల్లీలో కూరగాయల బండి ఆమె కొడుకూ ఇప్పుడు ఇంగ్లీషు మీడియమే. ఆమె సంబరపడేలోపే మా గ్రూపులో "మీడియం కాదండీ, యాక్సెంట్ ముఖ్యం" మొదలైంది. ఫోనిక్స్ అట, పబ్లిక్ స్పీకింగ్ అట. ఫీజు అడిగితే గుండె గుభేల్‌మంది, అయినా నంబరు సేవ్ చేసుకున్నా.

అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. చుక్క సత్తయ్య ఒగ్గుకథలు విని పెరిగిన మనిషి, మోకాళ్ళు నొప్పి లేకుంటే మల్లన్న కథ తెల్లవార్లూ చెప్తుంది. దానికి ఫారంలో గడి లేదు. ఉంటే మాత్రం ఏం ఒరుగుతుంది, ఎండాకాలం రాగానే ఒగ్గుకథకు సమ్మర్ క్యాంపు పెడతారు.

బోర్డియూ 1979లో తెచ్చిన పెద్ద పుస్తకం కోసం 1,217 మందిని ప్రశ్నలడిగించాడు. అందులో ఒకటి, వేటిని తీస్తే ఫోటో అందంగా వస్తుంది అని. సూర్యాస్తమయం ఉంది, క్యాబేజీలూ ఉన్నాయి. సూర్యాస్తమయానికి మామూలు జనం ఓటు. క్యాబేజీ కూడా అందంగా రావచ్చు అనేది బాగా చదువుకున్న ఇళ్ళవాళ్ళే ఎక్కువ. రాత్రి అన్నాల దగ్గర మా వాళ్ళనీ అడిగాను, ఏమంటారో చూద్దామని.

"సూర్యాస్తమయమే. లక్నవరంల నేను తీసింది చూడలే?" అన్నాడు మా ఆయన.

"క్యాబేజీకి ఫోటో ఎవడు తీస్తడే? పెండ్లికి తీస్తరు, బారసాలకు తీస్తరు" అంది అత్తమ్మ.

చిన్ని మాత్రం కంచంలోంచి తలెత్తి, "డిపెండ్స్ మమ్మీ. లైటింగ్, యాంగిల్ మంచిగుంటే క్యాబేజీ కూడా బ్యూటిఫుల్‌గా వస్తది" అంది.

ఎక్కడ నేర్చుకుందో. రీల్సా, డ్రాయింగ్ క్లాసా? ఈ మాట టీచర్ వింటే బ్రిలియంట్ అనేది కదా అని ఒక పక్క పొంగిపోయాను. రేపు ఇదే నోటితో నానమ్మను దిద్దడం మొదలుపెడుతుందేమోనని ఇంకో పక్క గుబులు. నేనింకా ఏ పక్కో తేల్చుకోకముందే అత్తమ్మ అంది:

"గంత అందంగుంటే రేపు వండు. ఫ్రిజ్ల మురుగుతాంది."