పర్లాకిమిడిలో ఒక ఆదివారం

నిన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేడ మీద ఏడుగురం కూర్చున్నాం. మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక ఫోన్ హాట్‌స్పాట్. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించేలా పెట్టి, ఎవరైనా మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్) అంటే ఏంటో పిల్లలకు చూపిద్దామని పిలిచాను.

నేను మొదటిసారి ఒక ప్రాజెక్టుకు కోడ్ పంపినప్పుడు "ముందు రూల్స్ చదువు" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఏ రూల్స్, ఎక్కడున్నాయో చెప్పలేదు. రెండేళ్లు మళ్లీ ఆ జోలికి పోలేదు. అందుకే నిన్న కోడ్ కంటే ముందు, ఇలాంటి ప్రాజెక్టులు ఉండే సైట్ గిట్‌హబ్‌లో 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ చూపించాను. కొత్తవాళ్ల కోసం విడిగా పెట్టిన చిన్న పనులవి. ప్రాజెక్టులు నడిపేవాళ్లు ఇది చదువుతుంటే, కొత్తవాళ్లకు జవాబులో ఇంకో రెండు వాక్యాలు రాయండి, దయచేసి.

వచ్చినవాళ్లలో ఒక సవర అమ్మాయి ఉంది. ఇంట్లో సవర, బడిలో ఒడియా, మాతో తెలుగు. "మా లిపి కంప్యూటర్‌లో వస్తుందా అన్నా?" అని అడిగింది. సవర భాషకున్న సొరా సోంపెంగ్ లిపి 2012లోనే, కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తుపట్టే ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది, గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో దానికి ఉచిత ఫాంట్ కూడా ఉంది. తెరిచి చూపించాను. ఒక్కో అక్షరం కాపీ చేసుకుంటూ తన పేరు పేర్చుకుంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఆయన సవర నేర్చుకున్నదీ ఇక్కడే. నాకు గొంతు పట్టేసింది.

తర్వాత ఒక చిన్న యాప్ ఒడియా మెనూలో తప్పు పదం ఆ అమ్మాయే పట్టుకుంది. చీకటి పడేలోపు తన పేరుతోనే సవరణ పంపాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చే ఆదివారం చెల్లిని కూడా తీసుకొస్తానంది.